మూలపడిన యంత్రం

పాఠ్యభాగ పరిచయం

ప్రక్రియ: వ్యాసం. ఒక విషయాన్ని ఎన్నుకొని, దానిని క్రమపద్ధతిలో విస్తరించి, పాఠకునికి విశదమయ్యేటట్లు చెప్పే రచనను వ్యాసం అంటారు. కథకు సంఘటన ప్రాణమైతే వ్యాసానికి వివరణ ప్రాణం. శాస్త్ర సాంకేతిక విషయాలను తెలుగులో చదివి, తెలుగులో ఆలోచించి, తెలుగులో చెప్పగల శక్తి విద్యార్థులకు అలవడాలన్నది ఈ పాఠం ఉద్దేశం. పాత కంప్యూటర్లపై స్వేచ్ఛా నిర్వహణ వ్యవస్థను నడపడంలో ఎదురయ్యే పొందిక సమస్య ఇందులోని వస్తువు.

పాఠం

నెల్లూరు జిల్లా పడమటి భాగాన గల ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలు మెట్ట సీమలు. తూర్పున ఉన్న డెల్టా భూముల వలె ఇక్కడ నీరు పుష్కలం కాదు. ఆత్మకూరు సమీపాన పెన్నానదిపై సోమశిల జలాశయం ఉన్నా, వాన కోసం ఆకాశం వైపు చూసే చేలు ఈ సీమలో నేటికీ కలవు. లేమి మనిషికి పొదుపును నేర్పుతుంది. అరిగిన నాగలి కర్రును మెట్ట రైతు పారవేయడు. కొలిమికి తీసికొనిపోయి, కాల్చి సాగగొట్టించుకొని, మరొక కారు దున్నుతాడు.

ఉదయగిరి కొయ్యపనికి పేరుపొందిన ఊరు. అక్కడి పనివారు చెక్కిన చెంచాలు, గరిటెలు భౌగోళిక గుర్తింపును సైతం పొందాయి. పనివాడు ముందుగా కొయ్యను చేతిలోకి తీసికొని చూస్తాడు. దాని జాతి ఏది, చార ఎటు నడిచింది, పగులు ఎక్కడ ఉంది అని పరిశీలించిన తరువాతనే ఉలి పడతాడు. కొయ్యను తెలియకుండా ఉలి పట్టినవానికి మిగిలేది వంటచెరకే.

ఈ రెండు గుణాలు, అనగా పాతదానిని పారవేయకపోవడం, పనికి పూనుకొనే ముందు వస్తువును తెలిసికొనడం, కంప్యూటరు విషయంలో మాత్రం మనకు ఎందుకో గుర్తుకు రావు. పట్టణాలలోనూ పల్లెలలోనూ కార్యాలయాలలో, విద్యాసంస్థలలో, డీటీపీ కేంద్రాలలో ఒక మూల గుడ్డ కప్పిన కంప్యూటరు తరచుగా కనిపిస్తుంది. కారణం అడిగితే, "అది పాతబడింది, ఇక పనికిరాదు" అని సమాధానం వస్తుంది. ఈ తీర్పు ఎంతవరకు సత్యం? యంత్రం నిజంగా పాడైనదా, లేక మనమే దానిని విడిచిపెట్టామా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడమే ఈ వ్యాసంలో మన పని.

రెండు విధాల మరణం

యంత్రానికి మరణం రెండు విధాలు. మొదటిది దేహమరణం. మదర్‌బోర్డుపై ఉండే చిన్న గొట్టాల వంటి కెపాసిటర్లు ఉబ్బి పగలడం, హార్డ్‌డిస్కు అరిగిపోవడం, విద్యుత్తు ఒడుదొడుకులకు పవర్ సప్లయి కాలిపోవడం ఈ కోవకు చెందినవి. 2000 దశకం తొలి సంవత్సరాలలో తయారైన అనేక మదర్‌బోర్డులలో కెపాసిటర్ల లోపం ప్రపంచమంతటా కనిపించింది. ఇట్టి యంత్రానికి మరమ్మతు చేయాలి, లేదా వీడ్కోలు చెప్పాలి.

రెండవది ఆదరణ తొలగడం వల్ల కలిగే మరణం. యంత్రం చక్కగా ఉంటుంది. కాని దానిని నడిపే నిర్వహణ వ్యవస్థకు తయారీదారు మద్దతు ఆపివేస్తాడు. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14న సాధారణ మద్దతు ముగిసింది. మద్దతు ముగిసిన వ్యవస్థలో కొత్తగా బయటపడే భద్రతా లోపాలను సరిదిద్దేవారు ఉండరు. తరువాతి కూర్పుకు మారుదామంటే పాత యంత్రం దానికి చాలదు. విండోస్ 11 నడవడానికి 64-బిట్ ప్రాసెసరు, 4 గిగాబైట్ల ర్యామ్, టీపీఎం 2.0 అనే భద్రతా సాధనం కావాలని దాని తయారీదారు నియమించాడు. ఈ నియమాలకు లోబడని కంప్యూటర్లు, నిన్నటి దాకా పనిచేసినవి సైతం, ఒక్కసారిగా పాతవై పోయాయి.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పుట్టుక

ఈ రెండవ మరణానికి విరుగుడుగా చెప్పబడేది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. దాని పుట్టుకలోనే యంత్రానికీ ప్రోగ్రాముకూ మధ్యనున్న పొందిక సమస్య దాగి ఉండడం విశేషం. 1980 ప్రాంతంలో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ ప్రయోగశాలకు ఒక కొత్త లేజర్ ప్రింటరు వచ్చింది. దానిలో కాగితం తరచు ఇరుక్కొనేది. అంతకు ముందున్న ప్రింటరులో కాగితం ఇరుక్కొంటే వాడుకరులకు వెంటనే కబురు చేరేటట్లు రిచర్డ్ స్టాల్‌మన్ ఒక ఏర్పాటు చేసి ఉన్నాడు. కొత్త ప్రింటరుకు కూడా అట్లే చేయదలచాడు. కాని దాని ప్రోగ్రాము మూలరచన, అనగా సోర్సు కోడ్, అతనికి లభించలేదు. అది తన వద్ద ఉన్న మరొక విశ్వవిద్యాలయ పరిశోధకుడు, ఎవ్వరికీ ఇవ్వబోనని మాట ఇచ్చి ఉన్నందున, నిరాకరించాడు. యంత్రం ఎదుటనే ఉన్నా, దానిని బాగుచేసే తెలివి తనకు ఉన్నా, రహస్యం అడ్డు నిలిచింది. ఈ అనుభవం అతనిని లోతుగా ఆలోచింపజేసింది. 1983 సెప్టెంబరు 27న అతడు గ్నూ అనే స్వేచ్ఛా నిర్వహణ వ్యవస్థను నిర్మించనున్నట్లు ప్రకటించాడు. ఎవరైనా వాడుకొని, చదివి, మార్చి, పంచుకొనగల ప్రోగ్రాములు అందులో ఉండాలన్నది అతని సంకల్పం.

1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తన 386 ప్రాసెసరు గల కంప్యూటరు కోసం ఒక కెర్నెల్‌ను వ్రాశాడు. కెర్నెల్ అనగా నిర్వహణ వ్యవస్థకు గుండె వంటి భాగం. అదే లినక్స్. గ్నూ ప్రోగ్రాములు, లినక్స్ కెర్నెల్ కలిసి ఒక సంపూర్ణ వ్యవస్థగా రూపొందాయి. డెబియన్, ఉబుంటు మొదలైనవి దానిపై నిర్మించిన కూర్పులు.

పొందిక అంటే ఏమి?

నిర్వహణ వ్యవస్థకు యంత్రభాగాలతో నేరుగా మాట్లాడడం తెలియదు. ప్రతి భాగానికీ ఒక దుబాసీ కావాలి. ఆ దుబాసీకి డ్రైవరు అని పేరు. భాగానికి తగిన డ్రైవరు ఉండి, రెండూ ఒకదానినొకటి గుర్తించి, సక్రమంగా పనిచేయడాన్నే పొందిక అంటాము.

ఈ గుర్తింపు ఎట్లు జరుగుతుంది? కంప్యూటరులోని చిత్రాల కార్డు, ధ్వని కార్డు, నెట్‌వర్కు కార్డు వంటి భాగాలు తమలో రెండు సంఖ్యలను దాచుకొని ఉంటాయి. ఒకటి తయారీ సంస్థ సంఖ్య, రెండవది ఆ భాగం సంఖ్య. మన ఇంటిపేరు, పేరు వంటివే ఇవి. ఇంటెల్ సంస్థ భాగాలకు "ఇంటిపేరు" 8086. 1978లో వెలువడిన ఆ సంస్థ ప్రాసెసరు పేరు కూడా అదే కావడం ఒక ముచ్చట. కంప్యూటరు మేలుకొన్నప్పుడు కెర్నెల్ ఈ సంఖ్యలను చదివి, తన వద్దనున్న జాబితాతో పోల్చి, సరిపడిన డ్రైవరును పిలుస్తుంది. జాబితాలో ఆ పేరు లేకపోతే, భాగం బాగున్నా మూగదిగానే మిగులుతుంది.

జాబితాలోకి పేరు ఎక్కడానికి రెండు మార్గాలు కలవు. తయారీదారు తన యంత్రభాగం వివరాలను బహిరంగపరచడం ఒకటి. 2007లో ఏఎండీ సంస్థ తన చిత్రాల కార్డుల వివరపత్రాలను ప్రకటించడం దీనికి ఉదాహరణ. తయారీదారు మౌనం వహించినప్పుడు, ఔత్సాహికులు ఆ భాగం నడతను ఓపికతో గమనించి, దాని భాషను తామే ఊహించి డ్రైవరును వ్రాయడం మరొకటి. ఎన్‌విడియా కార్డులకు నూవో అనే డ్రైవరు ఈ విధంగానే పుట్టింది. మొదటి మార్గంలో నెలలలో ముగిసే పని, రెండవ మార్గంలో సంవత్సరాలు పట్టవచ్చు.

కొత్తది సులభం, పాతది కష్టం అని అనుకోవడం పొరపాటు. ఒక్కొక్కసారి వ్యవహారం తలక్రిందులుగా ఉంటుంది. టికెట్లు, రశీదులు ముద్రించే పాత డాట్‌మాట్రిక్స్ ప్రింటరు అందరికీ తెలిసిన ఆదేశాల భాషను అనుసరిస్తుంది. కావున లినక్స్ దానితో సులభంగా మాట్లాడుతుంది. దానికన్నా కొత్తదైన హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ప్రింటరు అట్లు కాదు. దాని లోపల నడవవలసిన చిన్న ప్రోగ్రాము, దీనినే ఫర్మ్‌వేర్ అంటారు, విద్యుత్తు ఆపగానే చెరిగిపోతుంది. ప్రింటరును ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటరు దానిని మరల పంపాలి. ఈ సంగతి తెలియనివాడు ప్రింటరు చెడిపోయిందని భావిస్తాడు. తెలిసినవాడు తగిన ఫర్మ్‌వేర్‌ను సమకూర్చి ముద్రణ సాగిస్తాడు.

వైఫై కార్డులది మరొక చిక్కు. వాటిలో అనేకం ఫర్మ్‌వేర్ లేనిదే కదలవు. ఫర్మ్‌వేర్ కావాలంటే ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్ కావాలంటే వైఫై కావాలి. పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. డెబియన్ వారు 2022లో ఓటింగు జరిపి, 2023లో వెలువడిన 12వ కూర్పు నుండి ఇట్టి ఫర్మ్‌వేర్‌ను స్థాపక మాధ్యమంలోనే చేర్చారు. అది లేనిచోట తీగ ద్వారా గాని, ఆండ్రాయిడ్ ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి గాని తాత్కాలికంగా ఇంటర్నెట్ పొందవచ్చు.

యంత్రాన్ని పరిశీలించే క్రమం

ఆత్మకూరులోని ఒక కళాశాలలో పాత కంప్యూటరు ఒకటి మూలపడి ఉన్నదనుకొందాం. దానిని మరల పనికి తేదలచిన విద్యార్థి ఏమి చేయాలి?

మొదట దానిలోని దస్త్రాలను వేరొక చోటికి నకలు చేయాలి. ఇది అత్యవసరం. పూర్వ విద్యార్థుల వివరాలు, ప్రశ్నపత్రాలు, ఎవరో రాత్రులు మేలుకొని టైపు చేసిన పాఠాలు అందులో ఉండవచ్చు. కొత్త వ్యవస్థను స్థాపించే తొందరలో డిస్కును చెరిపివేస్తే పోయినది తిరిగి రాదు.

పిదప పెట్టెను తెరచి దుమ్ము దులిపి, కెపాసిటర్లను చూడాలి. నాణెం వంటి చిన్న బ్యాటరీని కూడా గమనించాలి. అది అయిపోతే కంప్యూటరు తన తేదీని మరచిపోతుంది. తేదీ తప్పయితే సురక్షిత వెబ్‌సైట్ల ధ్రువపత్రాలు చెల్లనివిగా కనిపించి, బ్రౌజరు వాటిని తెరవదు. కొద్దిపాటి వెలగల బ్యాటరీ మార్చి సరిచేయగల దోషాన్ని చూసి, యంత్రమే పనికిరాదనుకొన్నవారు లేకపోలేదు.

తరువాత ప్రాసెసరు సంగతి. అది 32-బిట్‌దా, 64-బిట్‌దా? 2006లో వచ్చిన కోర్ 2 డ్యూయో, అటు తరువాతి ప్రాసెసర్లలో అధికభాగం 64-బిట్‌వే. తొలినాటి పెంటియం 4 ప్రాసెసర్లు, 2008లో వచ్చిన ఆటమ్ ఎన్270 వంటివి 32-బిట్‌వి. లినక్స్‌లో ప్రాసెసరు వివరాలను తెరచినప్పుడు "ఎల్‌ఎమ్" అన్న గుర్తు కనిపిస్తే అది 64-బిట్ అని గ్రహించాలి. ర్యామ్ రెండు గిగాబైట్లు ఉంటే తేలికపాటి డెస్క్‌టాప్‌తో వ్రాతపని సాగుతుంది. ఇంటర్నెట్ వీక్షణకు నాలుగు ఉంటే మేలు. ర్యామ్ కొనే ముందు అది డీడీఆర్ 2 రకమా, 3 రకమా అని చూడాలి. వాటి గాట్లు వేర్వేరు చోట్ల ఉంటాయి గనుక ఒకదాని చోట మరొకటి ఇమడదు.

చివరి మెట్టు ప్రయోగం. లినక్స్ కూర్పులను పెన్‌డ్రైవు నుండి గాని, సీడీ లేదా డీవీడీ నుండి గాని, హార్డ్‌డిస్కును తాకకుండానే నడిపి చూడవచ్చు. ఈ సదుపాయాన్ని లైవ్ పద్ధతి అంటారు. 2000లో వెలువడిన నాపిక్స్ దీనిని ప్రాచుర్యంలోకి తెచ్చింది. మిక్కిలి పాత యంత్రాలు పెన్‌డ్రైవు నుండి మేలుకొనలేవు, వాటికి సీడీయే గతి. లైవ్ పద్ధతిలో నడిపి, తెర సరిగా ఉన్నదా, శబ్దం వస్తున్నదా, నెట్‌వర్కు కలిసినదా, ప్రింటరు పలికినదా అని ఒక్కొక్కటిగా పరీక్షించి, కాగితంపై వ్రాసికొనాలి. "ఎల్‌ఎస్‌పీసీఐ" అనే ఆదేశం ఇస్తే యంత్రభాగాల పేర్ల పట్టిక తెరపైకి వస్తుంది. పేరు తెలిసిన భాగానికి ప్రపంచంలో ఎవరో ఒకరు ఇదివరకే పరిష్కారం కనుగొని ఉండే అవకాశం ఉంది.

తెలుగు మాట

యంత్రం నడిచినంత మాత్రాన చాలదు, అది మన భాషలో పలకాలి. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగు లిపికి స్థానం లభించింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఖతులను, లోహిత్ తెలుగు ఖతిని స్వేచ్ఛగా వాడుకొనవచ్చు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక లినక్స్‌లో అంతర్భాగంగా ఉంది. 2005లో ఆరంభమైన స్వేచ్ఛ సంస్థ తెలుగులో నిర్వహణ వ్యవస్థను రూపొందించే కృషి చేసింది. బడిపిల్లలకు ఉపకరించే ప్రోగ్రాములతో బాల స్వేచ్ఛ అనే కూర్పును కూడా వెలువరించింది.

ఇక్కడ ఒక చిక్కును దాచరాదు. డీటీపీ కేంద్రాలలో సంవత్సరాల తరబడి పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాలు యూనికోడ్‌కు పూర్వపు ఖతులలో, పేజ్‌మేకర్ వంటి ప్రోగ్రాములలో తయారయ్యాయి. ఆ దస్త్రాలను లినక్స్‌లో తెరిస్తే తెలుగు బదులు అర్థంలేని గుర్తులు కనిపించవచ్చు. ఉదయగిరిలో డీటీపీ పనితో కుటుంబాన్ని పోషించుకొనే వ్యక్తికి కావలసినది సిద్ధాంతం కాదు, నిన్న చేసిన పని నేడు తెరచుకోవడం. కావున అట్టివారు పాత దస్త్రాలను యూనికోడ్‌లోకి మార్చుకొనే వరకు పాత వ్యవస్థను ఇంటర్నెట్‌కు కలపకుండా పక్కన ఉంచుకొనడం వివేకం. యంత్రంతో పొందిక ఎంత ముఖ్యమో, మనిషి జీవనోపాధితో పొందిక అంతకన్న ముఖ్యం.

హద్దులు

స్వేచ్ఛా వ్యవస్థ సంజీవని కాదు. లినక్స్ పుట్టినదే 386 ప్రాసెసరుపై. అయినా 2013లో వెలువడిన 3.8 కెర్నెల్ నుండి ఆ ప్రాసెసరుకు మద్దతు తొలగిపోయింది. 2025 ఆగస్టులో విడుదలైన డెబియన్ 13 కూర్పును 32-బిట్ పీసీలపై కొత్తగా స్థాపించే వీలు లేదు. అదే సంవత్సరం ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు 145వ కూర్పు నుండి 32-బిట్ లినక్స్‌కు వీడ్కోలు చెప్పింది. పాత యంత్రాలపై పరీక్షించి లోపాలు దిద్దే మనుషులు తగ్గితే స్వేచ్ఛా వ్యవస్థ కూడా వాటిని విడువక తప్పదు. అయితే ఇక్కడ ఒక భేదం ఉంది. ఇక్కడ విడిచిపెట్టే నిర్ణయం బహిరంగంగా జరుగుతుంది, మూలరచన అందరికీ అందుబాటులో మిగిలి ఉంటుంది. ఓపిక ఉన్నవాడు దానిని చేపట్టి కొనసాగించవచ్చు.

లాభనష్టాలను కూడా లెక్క చూడాలి. 150 వాట్లు వాడుకొనే పాత కంప్యూటరు ఏడు గంటలలోపే ఒక యూనిట్ విద్యుత్తును ఖర్చు చేస్తుంది. కొత్త చిన్న యంత్రాలకు అందులో కొద్ది భాగమే చాలు. ఎంత ప్రయత్నించినా లేవని యంత్రాన్ని చెత్తకుప్పపై వేయరాదు. పాత గాజు మానిటర్లలో సీసం ఉంటుంది. మన దేశంలో ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనలు 2012 మే 1 నుండి అమలులోకి వచ్చాయి. తరువాత వచ్చిన కొత్త నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుండి అమలవుతున్నాయి. వాటి ప్రకారం నమోదైన పునర్వినియోగ కేంద్రాలకే వ్యర్థాలు చేరాలి.

ముగింపు

మూల ఉన్న ప్రతి యంత్రమూ లేచి నడుస్తుందని చెప్పడం అసత్యం. ఏదీ లేవదని పరీక్షించకుండానే తీర్పు చెప్పడం అన్యాయం. ఈ రెండింటి నడుమ ఉన్నది పరిశీలన. పెట్టెను తెరచి, భాగాల పేర్లు వ్రాసికొని, నడిపి చూసి నిర్ణయించే విద్యార్థికి ఒక కంప్యూటరు దక్కవచ్చు, దక్కకపోవచ్చు. కాని యంత్రం లోపల ఏమి జరుగుతున్నదో తెలిసికొనే విద్య తప్పక దక్కుతుంది. తాను తెలిసికొన్నది పదిమందికి పనికివచ్చేటట్లు వ్రాసి పెడితే, అట్టి యంత్రమే ముందున్న మరొకరికి అది దారి చూపుతుంది. నాడు ఆ మరొక విశ్వవిద్యాలయ పరిశోధకుడు నిరాకరించినది అదే. మనం నిరాకరించకుండా ఉండగలిగినది కూడా అదే.

కఠిన పదాలు – అర్థాలు

మెట్ట = వాన నీటిపై ఆధారపడిన భూమి
కర్రు = నాగలికి అమర్చే ఇనుప మొన
కారు = పంటకాలం
దుబాసీ = రెండు భాషల మధ్య మాట చేరవేసేవాడు
ఔత్సాహికులు = ప్రతిఫలం కోరక ఉత్సాహంతో పనిచేసేవారు
దస్త్రం = కాగితాల కట్ట; కంప్యూటరులో భద్రపరచిన వ్రాత
ఖతి = అక్షరాల రూపం, ఫాంటు
సంజీవని = ప్రాణం పోసే ఓషధి

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. యంత్రానికి గల రెండు విధాల మరణాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. పాత కంప్యూటరును పరిశీలించవలసిన క్రమాన్ని తెలిపి, ఆ క్రమంలో ప్రతి మెట్టు ఎందుకు అవసరమో చర్చించండి.

ఆ) సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. యంత్రభాగాన్ని కెర్నెల్ ఎట్లు గుర్తిస్తుంది?
2. డాట్‌మాట్రిక్స్ ప్రింటరుకు, లేజర్‌జెట్ 1020కి పొందికలో గల భేదం ఏమి?
3. డీటీపీ పని చేసేవారు వ్యవస్థ మార్చే ముందు ఎందుకు జాగ్రత్త వహించాలి?

ఇ) సందర్భసహిత వ్యాఖ్యలు
1. "కొయ్యను తెలియకుండా ఉలి పట్టినవానికి మిగిలేది వంటచెరకే."
2. "స్వేచ్ఛా వ్యవస్థ సంజీవని కాదు."

ఈ) సంధులు
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి
విద్యార్థి = విద్యా + అర్థి – సవర్ణదీర్ఘ సంధి
ప్రాణమైతే = ప్రాణము + ఐతే – ఉత్వ సంధి

ఉ) సమాసాలు
లాభనష్టాలు = లాభమును, నష్టమును – ద్వంద్వ సమాసం
యంత్రభాగాలు = యంత్రం యొక్క భాగాలు – షష్ఠీ తత్పురుష సమాసం
పాత యంత్రం = పాతదైన యంత్రం – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం

ఊ) ప్రాజెక్టు పని
మీ కళాశాలలో గాని, ఇంటి దగ్గర గాని వాడకుండా ఉన్న ఒక కంప్యూటరును పెద్దల అనుమతితో పరిశీలించి, దాని భాగాల పేర్లు, వాటి స్థితి, మీరు చేసిన పరీక్షలు, వచ్చిన ఫలితాలు ఒక పుటకు మించకుండా తెలుగులో వ్రాయండి.